పెళ్లికొడుక్కి కెరటినా, హెయిర్ స్పానా?

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడితే చాలు, ఫోన్ తీయగానే ఒకటే ప్రశ్న. "అన్నా, పెళ్లికి కెరటిన్ చేయించుకోమంటావా, స్పా సరిపోతుందా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాసేస్తున్నాను. పద్నాలుగేళ్లుగా కత్తెర పట్టి బతుకుతున్నవాణ్ణి, పెళ్లికొడుకుల తలలు చాలానే చూశాను.

రెండూ ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. స్పా అంటే తలకి క్రీము పట్టించి, మర్దన చేసి, ఆవిరి పట్టడం. గంట పని, ఆ మెత్తదనం పది రోజులు ఉంటే గొప్ప. కెరటిన్‌లో మందు పూసి, ఆరబెట్టి, 200 డిగ్రీలు దాటిన ఐరన్‌తో పాయపాయా లాగాలి. జుట్టు చదునుగా, నున్నగా అయి మూడు నాలుగు నెలలు అలాగే నిలుస్తుంది. ఇంతవరకే చూస్తే కెరటినే మేలనిపిస్తుంది. ఉంగరాల జుట్టు దట్టంగా ఉండి, కోస్తా ఉక్కపోతకి పైకి లేచిపోయేవాళ్లకి దానివల్ల నిజంగా హాయి. దాన్ని కాదనను.

కానీ నేను ముందుగా అడిగేది జుట్టు గురించి కాదు. "మిమ్మల్ని పెళ్లికొడుకుని చేసేది ఏ రోజు?" అని అడుగుతాను. చాలామంది రిసెప్షన్ ఫోటోలే తలుచుకుంటూ వస్తారు, ఈ మాట గుర్తుండదు. కొందరిళ్లలో పెళ్లికి మూడు రోజులో ఐదు రోజులో ముందు చేస్తారు, కొందరు అదే రోజు పొద్దున చేస్తారు. ఎప్పుడు చేసినా నడినెత్తిన నువ్వుల నూనె పెట్టాల్సిందే, నలుగు పెట్టి తలంటు పోయాల్సిందే. ముత్తయిదువలు వరసగా వచ్చి నూనె అద్దుతుంటే "నా జుట్టుకి తగలనివ్వకండి" అని ఏ పెళ్లికొడుకూ అనలేడు, అనకూడదు కూడా. పెళ్లి రోజు మంగళస్నానం మళ్లీ ఉంటుంది. కెరటిన్ చేయించాక మామూలుగా మూడు రోజులు తల తడపకూడదు, నూనె రాయకూడదు, జుట్టు మడత పడకూడదు. ఆ మూడు రోజుల్లో తలంటు వచ్చిందంటే పెట్టిన డబ్బంతా కుంకుడు నురగతో పాటే పోతుంది.

ఈ పొరపాటు మొదట్లో నేనే చేశాను. పెళ్లికి రెండు రోజుల ముందు ఒకబ్బాయి వస్తే, తేదీలు అడక్కుండా కెరటిన్ చేసి పంపాను. మర్నాడు పొద్దున వాళ్ల మేనత్త గిన్నెడు నూనె పోసి, కుంకుడుకాయ రసంతో రెండుసార్లు రుద్ది పోసింది. సాయంత్రానికి ముందు జుట్టు చదునుగా అతుక్కుని ఉంది, వెనక జుట్టు పాత ఉంగరాలు తిరిగేసింది. ఆ అబ్బాయి ఒక్క మాట అనలేదు. ఆ ముఖం చూసినప్పటి నుంచీ తేదీలు రాసుకోకుండా ఎవరికీ మందు కలపలేదు.

రెండో సంగతి జీలకర్ర బెల్లం. తెర తీసే క్షణంలో పెళ్లికూతురి చెయ్యి మీ నడినెత్తి మీద ఉంటుంది, కెమెరా అన్న కుర్చీ ఎక్కి పైనుంచి తీస్తాడు. ఆల్బమ్ మొత్తంలో మీ సుడి కనిపించేది ఆ ఒక్క ఫోటోలోనే. (రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటారు కదా, అలాంటివాళ్ల సుడుల దగ్గర ఇంకొంచెం పొడవు వదులుతాను, అత్తారింటి వాళ్లు లెక్కపెట్టకుండా.) కెరటిన్ జుట్టుని పడుకోబెడుతుంది. జుట్టు పలచగా ఉన్నవాళ్లకి పైనుంచి లైటు పడితే మాడు తెల్లగా కనిపించేస్తుంది. స్పా చేసి, ఆ తర్వాత కుంకుడుకాయతో తలంటిన జుట్టు కాస్త గరుకుగా, నిండుగా లేచి నిలబడుతుంది. పలచటి జుట్టుకి కావలసింది అదే. నాకు స్పా మీదే మొగ్గు ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అయినా నా ఉద్దేశంలో ఈ రెంటికంటే ముఖ్యం కటింగ్. నూనె పోసినా, తలంటినా, నెత్తిన బెల్లం ముద్ద పెట్టినా చెదరనిది అదొక్కటే. పెళ్లికి ఏడెనిమిది రోజుల ముందు చేయించుకోండి. కొత్తగా ఫేడ్ (పక్కల జుట్టు కిందికి వచ్చేకొద్దీ పొట్టిగా తీసే కటింగ్) కొట్టిస్తే చెవుల పైన ఎండ తగలని చర్మం తెల్ల చారలా బయటపడుతుంది, అది సర్దుకోవడానికి వారం పడుతుంది. బాసికం దారం సరిగ్గా ఆ చెవుల పైనుంచే వెళ్తుంది కాబట్టి పక్కలు మరీ నున్నగా తీయించకండి. పెళ్లికొడుకుని చేయడానికి ముందు రోజు వచ్చి మెడ, చెంపలు, గడ్డం సరిచేయించుకుంటే చాలు. పెళ్లికొడుకుని చేశాక కత్తి తగలనివ్వరు. మంగళ, శుక్ర, శనివారాల్లో క్షవరం వద్దనే ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి క్యాలెండర్ ముందేసుకుని వెనక నుంచి లెక్కపెట్టుకోండి.

కెరటినే కావాలనుకుంటే నెల ముందు చేయించుకోండి. జుట్టు నెలకి సెంటీమీటరు పెరుగుతుంది, ఆ మాత్రానికి కుదుళ్ల దగ్గర తేడా తెలియదు. కొన్ని కెరటిన్ మందుల్లో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. డబ్బా మీద ఏం రాసుందో చదవండి, కిటికీలు తీసి పని చేసే చోటే కూర్చోండి, కళ్లు మండితే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.

స్మూతెనింగ్, రీబాండింగ్ అని జుట్టుని మందులతో సాఫీగా, నిటారుగా చేసే పనులు మగవాళ్ల పొట్టి జుట్టుకి అనవసరం. రంగు వేయించుకునేవాళ్లు 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి, దురదో మంటో వస్తుందేమో చూసుకోవాలి. పెళ్లి రెండు నెలల్లో ఉందనగా మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికి వాడే మందు) కొత్తగా మొదలుపెట్టొద్దు, కొందరికి మొదట్లో ఉన్న జుట్టే రాలుతుంది.

ముహూర్తానికి జెల్ వద్దు. జెల్ నీళ్లలో కరిగేది, తడి బెల్లం తగలగానే మళ్లీ కరిగి పాకంలా పట్టుకుంటుంది. శనగగింజంత మ్యాట్ వ్యాక్స్ (మెరుపు లేని మైనం) అరచేతుల్లో రుద్ది ముందు జుట్టుకి మాత్రమే రాయండి, నడినెత్తి వదిలేయండి. స్ప్రేలో స్పిరిట్ ఉంటుంది, కొట్టించుకున్న వెంటనే హోమం ముందు కూర్చోకండి.

తలంబ్రాలయ్యాక జీలకర్ర ఎండి జుట్టుకి పట్టేసి ఉంటుంది. తొందరపడి దువ్వెన పెట్టకండి, వెంట్రుకలు తెగొస్తాయి. గోరువెచ్చని నీళ్లు మగ్గుతో మెల్లగా పోస్తూ ఐదు నిమిషాలు ఆగితే బెల్లం కరిగి, గింజలు వాటంతటవే జారిపోతాయి. షాంపూ ఆ తర్వాతే.