ఏడాది సరుకా, నెల సరుకా, ఫోన్లో సరుకా: సిక్కోలు ఇంటికి ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో సరుకులు కొనే పద్ధతులు ఇప్పుడు మూడు నడుస్తున్నాయి. పంట ఇంటికొచ్చాక ధాన్యం, చింతపండు, మినుములు ఏడాదికి సరిపడా కొని పెట్టుకోవడం పెద్దవాళ్ల పద్ధతి. ఒకటో తారీఖున చీటీ రాసి కిరాణా కొట్టుకి పంపడం నెల జీతం ఇళ్ల పద్ధతి. అయిపోయినప్పుడు ఫోన్లో ఆర్డర్ పెట్టడం, లేదంటే ఆదివారం సూపర్ మార్కెట్టుకి వెళ్లి తెచ్చుకోవడం పిల్లల పద్ధతి. చాలా ఇళ్లలో అత్తగారిది ఒకటి, కోడలిది ఒకటి, కొడుకుది ఇంకొకటి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటికంతటికీ ఒకటే పద్ధతి పెట్టుకుంటే నష్టం తప్పదు. ఏ సరుకు ఎక్కడ పండుతోంది, ఏ నెలలో మన దాకా వస్తోంది, మధ్యలో ఏం అడ్డం పడొచ్చు అన్నది చూసుకుని, సరుకు సరుకుకీ వేరేగా నిర్ణయించుకోవాలి.

ముందు బియ్యం సంగతి. మన జిల్లాల్లో ఖరీఫ్ వరి నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. స్వర్ణ రకం కావచ్చు, రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు కావచ్చు, మన కళ్లాల్లోంచే వస్తుంది. సముద్రం దాటక్కర్లేదు, రాష్ట్రం దాటక్కర్లేదు. ఇంత దగ్గరి సరుకుని మిల్లుకి, అక్కణ్నుంచి హోల్‌సేల్‌కి, మళ్లీ కొట్టుకి తిరగనిచ్చి, రంగు సంచిలో నెలనెలా ఎక్కువ ధరకి కొనడం నాకు సబబుగా అనిపించదు.

లెక్క వేసి చూడండి. నలుగురున్న ఇంటికి నెలకు 30 నుంచి 35 కిలోల బియ్యం అనుకుందాం. ఏడాదికి నాలుగు క్వింటాళ్లు. క్వింటాలు ధాన్యం ఆడిస్తే 65 కిలోల అటూ ఇటూ బియ్యం దిగుతుంది కాబట్టి, 80 కిలోల బస్తాలు ఎనిమిది కావాలి. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు రూ.2,369. ఆ లెక్కన ధాన్యానికే రూ.15 వేల పైచిలుకు అవుతుంది. బియ్యంగా మార్చి చూస్తే కిలో రూ.36, 37 దగ్గర పడుతుంది. బండి కిరాయి, ఆడించిన కూలి దాని మీద అదనం. తవుడు మిల్లుకే వదిలేస్తే కూలి కొంత కలిసొస్తుంది. సన్నరకాలకి రైతు ఎక్కువ అడుగుతాడు, అడగాలి కూడా. అలా కొంచెం ఎక్కువ ఇచ్చినా కొట్టు ధరతో పోలిస్తే మిగులు కనిపిస్తూనే ఉంటుంది.

బియ్యంగా కాకుండా ధాన్యంగానే ఉంచుకుంటే ఇంకా మేలు. ఊక ఉన్నంతసేపూ గింజకి పురుగు అంత తొందరగా పట్టదు. మూడు నెలలకోసారి రెండేసి బస్తాలు ఆడించుకుంటే ముక్కపురుగు బెడద తగ్గుతుంది, అన్నం కూడా పాతబియ్యం అన్నంలా పొడిపొడిగా వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. కొన్న ధాన్యం బాగా ఎండి ఉండాలి. గింజ పంటికింద పెడితే టక్కున విరగాలి, సాగకూడదు. పచ్చి ధాన్యం ముక్కిపోతే ఏడాది తిండి పాడైనట్టే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మన తీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు చుట్టుపక్కలే వచ్చాయి. 2013 అక్టోబరు 12న పైలిన్, 2014లో సరిగ్గా అదే తారీఖున హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. గులాబ్ కాస్త ముందుగా, 2021 సెప్టెంబరు 26న వచ్చింది. ఆ రోజుల్లో మన పొలం ఎలా ఉంటుంది? కొత్త పంట ఇంకా చేలోనే నిలబడి ఉంటుంది, ఇంట్లో పాత ధాన్యం అడుగంటుతూ ఉంటుంది. కరువు నెలల్లోనే తుపాను వచ్చి పడుతుందన్నమాట. అందుకే ఏడాది సరుకు అంటే పన్నెండు నెలలకి లెక్క కట్టి ఊరుకోకూడదు. కొత్త బియ్యం వండుకునే దాకా, అంటే మళ్లీ సంక్రాంతి దాకా ఆగేలా ఒక బస్తా ఎక్కువ పెట్టుకోవాలి.

కొట్టులో బియ్యం కొనేవాళ్లకి మాత్రం ఒక మాట. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకంటే తక్కువ ఉన్న లేబుల్ సంచుల మీద 5 శాతం జీఎస్టీ పడింది. దాన్ని తప్పించడానికే 26 కిలోల సంచులు వచ్చాయి. రెండు సంచుల ధర పోల్చేటప్పుడు కిలో లెక్కన పోల్చుకోండి. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది, 2024 సెప్టెంబరులో మళ్లీ వదిలింది. ఆ ఏడాది పైగా కాలంలోనూ సన్నబియ్యం ధర దిగి రాలేదు. ఇంట్లో ధాన్యం ఉన్నవాళ్లకి ఆ గొడవ తగల్లేదు.

చింతపండు, మినుములదీ ఇదే దారి. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు మన్యం నుంచి దిగుతుంది. సీతంపేట, సాలూరు వైపు సంతల్లోనో, గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో నొక్కిపెడితే ఏడాది గడిచిపోతుంది. రంగు నల్లబడుతుంది, పులుపు పోదు. మినుములు, పెసలు వరి కోసిన పొలాల్లోనే పండుతాయి, ఫిబ్రవరి, మార్చిల్లో చవగ్గా దొరుకుతాయి. వీటికి పెంకు పురుగు భయం ఉంది కాబట్టి బాగా ఎండబెట్టి, వేపాకు వేసి, గాలి చొరని డబ్బాలో పోయాలి. అపార్ట్‌మెంటులో ఎండ తగలని ఇళ్లవాళ్లు మినుముల జోలికి పోకుండా నెలనెలా మినపగుళ్లు తెచ్చుకోవడమే మంచిది.

కందిపప్పు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. మన రెండు జిల్లాలు తినేంత కంది మన దగ్గర పండదు. కర్ణాటకలో కలబురగి వైపు నుంచి, మన రాష్ట్రంలోనే ప్రకాశం, రాయలసీమ నుంచి వస్తుంది. అదీ చాలక మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచి దేశం దిగుమతి చేసుకుంటుంది. జూన్, జులైల్లో విత్తితే డిసెంబరు తర్వాత గానీ చేతికి రాదు. మధ్యలో ఎక్కడ వాన తప్పినా ఆ సెగ మన పప్పు గిన్నెకి తగులుతుంది. 2015 దసరా రోజుల్లో కిలో రూ.200 దాకా వెళ్లింది గుర్తుందా? పప్పు ఏడాదికి కొనేస్తే పురుగు భయం, ఏ నెలకి ఆ నెల కొంటే ధర భయం. కొత్త పంట వచ్చే ఫిబ్రవరి, మార్చిల్లో మూడు నాలుగు నెలలకి సరిపడా కొని, కొంచెం ఆముదం పట్టించి ఎండలో ఆరబెట్టి దాచుకోవడం, ఆ తర్వాత నెలచీటీలోకి మారడం నాకు సరిపడిన మధ్యదారి.

నూనె విషయంలో మాత్రం దాచుకోవడం తెలివి అనిపించుకోదు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే రావాలి. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనాల నుంచి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైతే మన వీధి కొట్టులో ప్యాకెట్ ధర రూ.200 దగ్గరికి పోయింది. అదే ఏడాది ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఇక నూనె దొరకదన్న టెన్షన్‌తో జనం డబ్బాలకి డబ్బాలు ఎత్తుకెళ్లారు. మే 23కల్లా ఆ నిషేధం ఎత్తేశారు, ఆ తర్వాతి నెలల్లో ధర దిగింది. పై ధరలో కొన్న డబ్బాలు ఇంట్లో పాతబడుతుండగానే బయట నూనె చవకైపోయింది.

పన్ను సంగతి కూడా తెలుసుకోవాలి. 2024 సెప్టెంబరు 14న ముడినూనెల మీద మొత్తం దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. పండగల ముందు అది పెద్ద దెబ్బ. పాత సుంకానికి తెచ్చిన సరుకు ఉన్నంత కాలం పాత ధరే ఉంచమని కేంద్రం కంపెనీలకి చెప్పాల్సి వచ్చింది. 2025 మే ఆఖర్లో ముడినూనెల మీద, సెస్సులు కలపని మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ఇలా ఢిల్లీలో ఒక ఉత్తర్వుతో పైకీ కిందికీ ఊగే సరుకుని ఏడాదికి కొని పెట్టుకోవడం జూదమే. నెలచీటీలో నూనె రాయించుకోండి. ఎప్పుడూ ఒక నెలది అదనంగా ఉండేలా చూసుకోండి, పాత ప్యాకెట్ ముందు వాడండి, అంతకి మించి వద్దు. పోపులకి, పచ్చళ్లకి గానుగ నువ్వుల నూనె వాడే ఇళ్లకి ఈ ఊగిసలాట కొంత తక్కువ తగులుతుంది. ధర ఎక్కువే, కానీ నువ్వులు మన మెట్ట పొలాల్లో పండే పంట.

ఉల్లికి రెండు మూడు వారాల నిల్వ చాలు. వేసవిలో నిల్వ చేసిన మహారాష్ట్ర ఉల్లి అయిపోతూ, కర్నూలు ఉల్లి వానకి దెబ్బతింటే, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కష్టం. 2019 డిసెంబరులో విజయనగరం రైతుబజారులో రూ.25 కిలో ఉల్లి కోసం జనం ఒకరినొకరు తోసుకున్నారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉల్లిపాయల కోసం అలా నలిగిపోవాల్సి రావడం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. టమాటాకి నిల్వే లేదు. ధర పెరిగినప్పుడు చింతపండు పులుసులోకి దిగిపోవడమే దారి.

ఇక ఫోన్ ఆర్డర్లు, సూపర్ మార్కెట్టు. వీటిని నేను తీసిపారేయను. సబ్బులు, పేస్టు, బిస్కెట్లు, టీపొడి లాంటి ప్యాకెట్ సరుకులు అక్కడ నిజంగానే తక్కువకి వస్తాయి. గడువు తేదీ చూసుకుని కొనొచ్చు, బేరం అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకి, పిల్లలు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఫోన్లో సరుకులు పంపించగలగడం చాలా పెద్ద సాయం. కానీ ఆ ఏర్పాటంతా కరెంటు, సిగ్నల్, రోడ్డు అనే మూడింటి మీద నిలబడి ఉంది. చాలావాటి గోడౌన్లు జిల్లా బయట ఉంటాయి. మనకి వచ్చే సరుకులో ఎక్కువ భాగం 16వ నంబరు జాతీయ రహదారి మీదుగానో, హౌరా–చెన్నై రైలు మార్గంలోనో రావాలి. రెండూ తీరం పక్కనే, పక్కపక్కనే పోతాయి. ఒక తుపాను రెండింటినీ ఒకేసారి ఆపగలదు.

తిత్లీ తర్వాత పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. బోరు మోటార్లు తిరగక తాగునీళ్లకే కటకట. కరెంటు లేకపోతే ఏటీఎం ఉండదు, వేలిముద్ర యంత్రం పనిచేయదు, క్యూఆర్ కోడ్ ఒట్టి కాగితం. అలాంటి రోజుల్లో మనల్ని పేరు పెట్టి పిలిచే కిరాణా కొట్టు ఉంటే ఆ ధైర్యమే వేరు. "డబ్బులకేం తొందరమ్మా, ముందు పప్పు, ఉప్పు పట్టికెళ్లండి, లారీ దిగాక మిగతావి పంపిస్తాను" అనే మాట ఏ యాప్‌లోనూ వినపడదు. ఏడాది పొడుగునా మన చీటీ అందుకున్న శావుకారే ఆ మాట అనగలడు. అందుకే సూపర్ మార్కెట్టులో నాలుగు రూపాయలు తక్కువైనా, నెలచీటీలో ముఖ్యమైన భాగం కొట్టుకే ఇవ్వాలని నేను గట్టిగా చెబుతాను. కొట్టు మూతపడ్డాక తుపాను వస్తే అప్పు ఎవరిని అడుగుతాం?

రేషన్ బియ్యం తినే ఇళ్లకి లెక్క తేలిక. మనిషికి నెలకు 5 కిలోలు ఉచితం. 2025 జూన్ నుంచి ఇంటింటి బళ్లు ఆగి, మళ్లీ దుకాణాల్లోనే ఒకటి నుంచి 15వ తారీఖు దాకా ఇస్తున్నారు, ముసలివాళ్లకి, వికలాంగులకి ఇంటికే పంపుతున్నారు. ఆ బియ్యం బాగుంటే తినండి, దళారికి కిలో పది పదిహేనుకి అమ్మేసి కొట్టులో యాభై పెట్టి కొనకండి. అన్నానికి నచ్చకపోతే ఇడ్లీ రవ్వకి, దోసెల పిండికి పనికొస్తుంది. రాయితీ పప్పు మాత్రం ప్రతి నెలా వస్తుందని చీటీలోంచి కందిపప్పు కొట్టేయకండి.

పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఏడాది సరుకు మేలని చెప్పడం తేలిక, ఒక్కసారిగా రూ.15 వేలు తీయడం కూలి చేసుకునే ఇంటికి తేలిక కాదు. చవకగా దొరికే నెలల్లో చేతిలో డబ్బు లేకపోవడం వల్లే పేదవాడు ఎక్కువ ధరకి కొంటున్నాడు. దీనికి నేను చూసిన మంచి దారి, డ్వాక్రా గ్రూపులో నలుగురైదుగురు కలిసి ఒకే రైతు దగ్గర ధాన్యం తీసుకోవడం. డిసెంబరు నుంచి మార్చి దాకా నెలకి రెండేసి బస్తాల చొప్పున డబ్బు కడితే ఎవరికీ ఒకేసారి భారం పడదు. చోటున్న ఇంట్లో సరుకు ఉంచి, మిల్లుకి ఒకే బండి కట్టుకుంటే కిరాయి పంచుకోవచ్చు. రైతుకీ కళ్లంలోనే చేతికి డబ్బు అందుతుంది. కోతలు మొదలవక ముందే, దసరా అయ్యాక, ఏ రకం కావాలో చెప్పి కొంత బయానా ఇచ్చి మాట తీసుకోండి. కోతలయ్యాక వెళితే మంచి ధాన్యం అప్పటికే మిల్లు లారీ ఎక్కేసి ఉంటుంది.