జెడ్పీ హైస్కూలా, కాన్వెంటా: ఏది మేలు?

వేసవి సెలవులొస్తే చాలు, నరసన్నపేట నుంచి పలాస దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: పిల్లణ్ణి జెడ్పీ హైస్కూల్లో ఉంచాలా, కాన్వెంట్లో వెయ్యాలా? ఫీజులు, బస్సు ఛార్జీల సంగతి మీకు తెలిసిందే. నేను చూసేది, ఏ బడికి ఏ విషయంలో స్వేచ్ఛ ఉందన్నది.

జెడ్పీ హెడ్మాస్టరు చేతిలో ఉన్నది తక్కువ. టీచర్లు డీఎస్సీలో వస్తారు, కౌన్సెలింగ్‌లో వెళ్లిపోతారు. లెక్కల మాస్టారు బదిలీ అయితే హెడ్మాస్టరు తనంతట తాను ఇంకొకర్ని వేసుకోలేరు. కాన్వెంటు కరస్పాండెంటు తలచుకుంటే సోమవారానికల్లా కొత్త మాస్టారు దిగుతాడు. ఇక్కడ ప్రైవేటుదే పైచేయి.

మరి చదువో? ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి నాలుగేళ్లు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ సంగతే తేల్చి చూశారు. సర్కారు బడి పిల్లలకు లాటరీ తీసి, పేరొచ్చినవాళ్లను ప్రైవేటులో చదివించారు. చివరికి తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ముందుకెళ్లారు. ప్రైవేటు బడులు ఇదంతా సర్కారు ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువకే చేశాయి. అక్కడి టీచర్ల జీతాలు అలాంటివి మరి!

నా మటుకు అసలు తిరకాసు పిల్లల్ని ఏరుకునే స్వేచ్ఛలో ఉంది. ప్రవేశ పరీక్షలు పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతున్నా, ‘ఊరికే చిన్న టెస్టు’ పెట్టే బడులున్నాయి. కొన్నిచోట్ల తొమ్మిదిలో వెనకబడ్డవాడికి టీసీ చేతిలో పెడతారు. వాడు చేరేది జెడ్పీలోనే, జెడ్పీకి ఎవర్నీ కాదనే వీల్లేదు. ఫలితాల రోజున ఫ్లెక్సీ ఒకరిది, ‘సర్కారు బడి ఇంతే’ అన్న మాట ఇంకొకరిది. న్యూజిలాండ్‌లో 1991లో ఏ ప్రాంతం పిల్లలు ఏ బడికన్న పరిధులు ఎత్తేసి, గిరాకీ ఉన్న బడులకు ఎంపిక వదిలేశాక జాతులవారీగా పిల్లలు విడిపోవడం పెరిగింది. చిలీ 2015లో చట్టం చేసి మరీ ఈ ఏరివేతను ఆపింది. మన ఊళ్లలో పొద్దున్నే పసుపు బస్సు ఎక్కేది ఎవరో, నడిచి బడికెళ్లేది ఎవరో చూస్తే ఏ వీధి పిల్లలో తెలిసిపోతుంది.

ఒకటో తరగతిలో పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లకు అర్హత ఉంటే దరఖాస్తు పెట్టండి. ఐదులో ఉంటే మన శ్రీకాకుళం జిల్లా వెన్నెలవలస నవోదయకు పరీక్ష రాయించండి, వస్తే ఆలోచించక్కర్లేదు. కాకపోతే అదీ ఏరుకున్న పిల్లల బడే.

లెక్కలకూ సైన్సుకూ టీచర్లున్న జెడ్పీ దగ్గర్లో ఉంటే నేనైతే అక్కడే వేస్తాను. లేదంటే కాన్వెంటే. చేర్చేముందు మాత్రం కిందటేడు తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఈ ఏడు పది రాసింది ఎంతమందో అడగండి.