ఉప్మా పెసరట్టు భేష్, బల్ల మీది కార్డు మాత్రం తీసెయ్యాలి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ రైతు బజారుకు దగ్గర్లోని ఈ టిఫిన్ సెంటర్లో కూర్చోగానే మెనూ కన్నా ముందు ప్లాస్టిక్ తొడుగు వేసిన కార్డు ఒకటి కనిపిస్తుంది. పైన ‘మీ టిఫిన్ చెప్పే మీ మనసు’ అని ఉంటుంది. కారప్పొడి ఎక్కువ అడిగితే ధైర్యవంతులట, పంచదార లేని కాఫీ తాగితే మొండివాళ్ళట, కొత్తిమీర ఏరి పక్కన పెడితే పేచీకోర్లట. పొయ్యి దగ్గర ఇంత శ్రద్ధ ఉన్నవాళ్ళు బల్ల మీద ఇలాంటిది పెట్టుకోవడం బాధగా ఉంది.

ముందు తిండి సంగతి. ఇక్కడికి వచ్చినవాళ్ళు తినాల్సింది ఉప్మా పెసరట్టు. పొట్టు పెసలు ఐదారు గంటలు నానబెట్టి, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి వేసి కాస్త బరకగా రుబ్బుతారు. పెసరపిండి పులియకూడదు, రుబ్బిన కాసేపటికే అట్లు పోసెయ్యాలి. పెనం మరీ కాలితే పిండి పరుచుకోకుండా గరిటెకే చుట్టుకొచ్చేస్తుంది. అందుకే ఇక్కడ అట్టుకీ అట్టుకీ మధ్య నీళ్ళు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో పెనాన్ని రుద్దుతారు. లోపల పెట్టే ఉప్మా జారుగా ఉంటుంది, గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల నీళ్ళు. నీళ్ళు తగ్గితే అట్టు మడిచేసరికే ఉప్మా గడ్డకట్టి పొడిపొడిగా రాలుతుంది. అల్లం పచ్చడిలో బెల్లం, చింతపండు ఒకదాన్నొకటి మింగెయ్యలేదు.

ఇడ్లీకి మాత్రం ఎనిమిదిన్నర లోపే వెళ్ళండి. ఈ సముద్రపు ఉక్కలో పిండి తొందరగా పులుస్తుంది, పది దాటాక దించే వాయిలో ఆ పులుపు తెలుస్తోంది. కారప్పొడి డబ్బాకి మూత పెట్టరు. తేమకు పొడి ఉండలు కట్టి, నెయ్యి వేసినా కలవదు.

ఇక కార్డు. మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తడుతుంది. నోరు కాలకుండానే కాలినట్టు అనిపించేది అందుకే. తరచూ తింటే ఆ స్పందన మొద్దుబారుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆవకాయన్నం తిన్న మనిషి రెండు చెంచాల పొడి అడగడంలో ధైర్యం కన్నా అలవాటే ఎక్కువ. కొత్త అనుభవాల కోసం ఉరకలేసేవాళ్ళలో కారం మీద ఇష్టం కాస్త ఎక్కువని అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపిన మాట నిజమే. కానీ అది గుంపులో కనిపించే మొగ్గు, ఒకరి ప్లేటు చూసి ఆ మనిషిని తేల్చేసేది కాదు. పంచదార మానేసినవాళ్ళలో షుగరు ఉన్నవాళ్ళు ఎంతమందో ఆలోచించారా?

అన్నిటికన్నా అన్యాయం కొత్తిమీర మాట. ఆ ఆకు వాసన ఆల్డిహైడ్లు అనే రసాయనాల వల్ల వస్తుంది. వాసన పట్టే ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గరి చిన్న తేడాతో కొందరికి అది అచ్చం సబ్బులా తగులుతుంది. పక్క బల్ల దగ్గర పదేళ్ళ పాప సాంబారులోంచి ఆకులు ఏరుతుంటే సర్వర్ కార్డు చూపించి, “ఏమ్మా, నువ్వు పేచీకోరువంట!” అన్నాడు. అందరూ నవ్వారు. పాప ఏరిన ఆకులన్నీ మళ్ళీ సాంబారులో కలిపేసుకుంది. ఆకు పడనివాళ్ళు రుబ్బిన కొత్తిమీర పచ్చడి అడిగి చూడొచ్చు, రుబ్బినప్పుడు ఆకులోని ఎంజైములు ఆ ఆల్డిహైడ్లను కొంత విరగ్గొడతాయి.

కార్డు చదివి “నిజమే సుమా” అనుకునేవాళ్ళు చాలామందే. దానికీ కారణం ఉంది. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్ళకని చెప్పి అందరికీ ఒకే కాగితం పంచాడు. అందులోని వాక్యాలు చాలావరకు జాతకాల పుస్తకంలోంచి తీసుకున్నవి. తమకు ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వెయ్యమంటే సగటు 4.26 వచ్చింది. ఎవరికైనా అతికే మాట మనకే కుట్టినట్టు ఉంటుంది.

కార్డు ఉంచాలనే ఉంటే దాన్ని అడిగే కార్డుగా మార్చండి: పొడి ఎంత, కొత్తిమీర వెయ్యాలా వద్దా, కాఫీలో పంచదార ఎన్ని చెంచాలు. ఇంకో గీత కూడా చేర్చాలి. కారం నషాళానికి అంటితే నీళ్ళు పనికిరావు, క్యాప్సైసిన్ నీటిలో కరగదు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది కాబట్టి పెరుగో చిక్కటి మజ్జిగో కావాలి. ఇంత కారప్పొడి వడ్డించే చోట మజ్జిగ దొరకడం లేదు, అది ముందు పెట్టించండి. పార్శిల్ తీసుకునేవాళ్ళు ఉప్మా విడిగా కట్టమనండి, అట్టులో మడిచి పొట్లం కడితే ఆవిరికి ఇల్లు చేరేలోపు మెత్తబడిపోతుంది.