సీహోర్ శర్బతి గోధుమలు: కిలోకి 20 రూపాయలు ఎక్కువ పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఇంట్లో రోజూ పుల్కాలు చేసుకునేవాళ్లయితే పెట్టొచ్చు. బేగంబజార్‌లో గోధుమలు విడిగా అమ్మే ఒక కొట్లో శర్బతి, లోక్-1, ఖప్లీ మూడూ తీసుకుని, దేనికది గిర్నీలో పట్టించి వాడుతున్నాం. శర్బతి గింజ బరువుగా, లేత బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది. పిండి నీళ్లు బాగా పీల్చుకుంటుంది, కలిపి అరగంట మూత పెట్టి ఉంచితే ముద్ద చక్కగా సాగుతుంది, పొద్దున చేసిన పుల్కా మధ్యాహ్నం బాక్స్ తెరిచేసరికి కూడా మెత్తగానే ఉంటుంది.

మధ్యప్రదేశ్‌లో సీహోర్, విదిశ వైపు పండే ఈ గోధుమలకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే అధికారిక గుర్తింపు, వచ్చింది. శర్బతి పేరుతో అమ్మేవాటిలో ముఖ్యమైనది సి-306 అనే పాత పొడుగు రకం. వానాకాలంలో నల్లరేగడి దాచుకున్న తేమ, పైన ఒకటి రెండు తడులు, అంతే, దాంతోనే గింజ కట్టేస్తుంది. అదే రకానికి పంజాబ్‌లోలాగా నీళ్లూ యూరియా దండిగా పెడితే, కాడ పొడుగు కాబట్టి చేను పడిపోతుంది. అందుకే దిగుబడి తక్కువ, రేటు ఎక్కువ. ఆ 20 రూపాయలు ఎందుకో నాకు అర్థమైంది ఇక్కడే.

నీళ్లకీ ఎరువులకీ పడిపోకుండా నిలబడే పొట్టి రకాలు మెక్సికో నుంచి వచ్చాయి. గోధుమ రకాలు తయారు చేసిన అమెరికా శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ అక్కడ ఏడాదికి రెండు పంటలు వేసేవారు, ఒకటి సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న సోనోరాలో, ఇంకోటి 2,600 మీటర్ల ఎత్తున్న తోలూకాలో, రెండు చోట్లా బాగా వచ్చిన మొక్కలనే ఏరుకుంటూ పోయారు. అలా పగలు పొడుగైనా పొట్టిదైనా పూతకొచ్చే రకాలు తేలాయి, కాబట్టే అంత దూరం నుంచి వచ్చి మన దేశంలోనూ పండాయి. 1966లో మనవాళ్లు 18,000 టన్నుల విత్తనం తెప్పించారు. వాటిలో సోనోరా-64 గింజ ఎర్రగా ఉండేది, మనకది నచ్చదని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ)లో గామా కిరణాలతో రంగు మార్చి శర్బతి సోనోరా తయారు చేశారు. సీహోర్ శర్బతి అది కాదు, కలిపేయకండి.

లోక్-1 గుజరాత్‌లోని లోకభారతి అనే విద్యాసంస్థలో పుట్టింది. చలికాలం చిన్నదైన చోట, ఎండలు ముదరకముందే చేతికొచ్చేస్తుంది. గింజ లావు, రుచి పర్లేదు, బడ్జెట్ చూసుకునేవాళ్లకి ఇదే బెస్ట్.

ఖప్లీ ఉత్తర కర్ణాటక, మహారాష్ట్ర వైపు పంట. తుప్పు తెగులుని బాగా తట్టుకుంటుంది, కానీ నూర్చినా పొట్టు ఊడదు, మళ్లీ దంచాల్సిందే, అందుకే అంత ధర. పుల్కాకి పనికిరాదు, వత్తుతుంటే అంచులు చిరుగుతాయి. ఉప్మాకి, పాయసానికి మాత్రం ఈ రవ్వ ముందు వేరేది నాకు ఆనదు.

ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు శర్బతి అని పంపిన సంచిలో సన్నవీ లావువీ కలిసిన గింజలొచ్చాయి, ఏ ఊరి పంటో ఎక్కడా రాయలేదు, రిటర్న్ కూడా తీసుకోలేదు. కాబట్టి కొట్లో గుప్పెడు తీసి చూసి, జిల్లా పేరు అడిగి కొనండి. కొత్త పంట మార్చి, ఏప్రిల్‌లో కోతకొస్తుంది, ఏడాదికి సరిపడా తీసుకునేవాళ్లు ఆ తర్వాతే తీసుకుంటే మంచిది.