ఆటోనగర్ లేత్ షాపు: లారీల వాళ్ళకే కాదు, మైక్రాన్లతో తిప్పలు పడే మాక్కూడా

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయట్లేదు. ఓనరే వద్దన్నాడు, "ఉన్న పనే తెమలట్లేదు బాబూ, నువ్వు నెట్‌లో పెడితే ఇంకో నలుగురొచ్చి నా ప్రాణం తీస్తారు" అని. విజయవాడ ఆటోనగర్లో కమాన్ కట్టల షాపులు దాటాక లోపలి సందులో ఉంటది. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషను, గోడకి దుర్గమ్మ క్యాలెండరు, షాపంటే అంతే.

నేను గుంటూరు దగ్గర ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నా, మైక్రోఫ్లూయిడిక్స్. అంటే వెంట్రుక మందం కాలవల్లో నూనె, నీళ్ళు కలిపి పంపి సన్న సన్న బొట్లు చేస్తాం, ఒక్కో బొట్టూ ఒక బుల్లి టెస్ట్ ట్యూబ్ అనుకోండి. ఆ కాలవలుండే చిప్పుని పీడీఎంఎస్ అనే దాంతో పోస్తాం, బేసు పది పాళ్ళు, గట్టిపరిచేది ఒక పాలు కలిపి, వాక్యూమ్‌లో బుడగలు తీసేసి, 70 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు పెడితే చాలు, అట్ల పిండి కలపడం వచ్చినోళ్ళెవరైనా చేస్తారు. దాని అచ్చు మాత్రం మా వల్ల కాదు, క్లీన్‌రూమ్, అంటే దుమ్ము రానివ్వని గది కావాలి, అచ్చుకి వాడే రెసిస్టు అనే పూత అల్ట్రావయొలెట్ తగిలితే మారిపోద్ది కాబట్టి గదంతా పసుపు లైట్లే ఉంటాయి. బయట యూనివర్సిటీల వాళ్ళ కోసం ఐఎన్‌యూపీ అని ఒక ప్రోగ్రాం ఉంది, దాని కింద బెంగళూరు ఐఐఎస్సీకి వెళ్ళి చేయించుకొచ్చాం.

అచ్చు వచ్చింది, చిప్పు వచ్చింది, తీరా సిరంజి పంపు, అంటే సిరంజిని మెల్లగా నొక్కి నూనె, నీళ్ళు చిప్పులోకి తోసే మిషను, పోయింది. కంపెనీ పేరెందుకులెండి, వారంటీ అయిపోయిన మూడో నెల్లో బోర్డు కాలింది, రిపేరుకి కొత్త పంపు రేటులో సగం చెప్పారు. మా గైడ్ గారు "మనమే చేసుకుందాంలే" అన్నారు, మనమే అంటే నేనే. బాడీ 3డి ప్రింట్ కొట్టా, స్టెప్పర్ మోటారు కొన్నా, హార్డ్‌వేర్ షాపులో ఎం6 థ్రెడ్ రాడ్ తెచ్చా. మోటారు 200 స్టెప్పులకి ఒక చుట్టు, చుట్టుకి రాడ్ 1 మి.మీ. జరుపుద్ది, అంటే స్టెప్పుకి 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), ఇంకేం కావాలి అనుకున్నా. రన్ చేస్తే బొట్లు కాసేపు లావు, కాసేపు సన్నం. రెండు నెలలు నూనె మార్చా, ట్యూబులు మార్చా, బొట్లు ఒకదానికొకటి కలిసిపోకుండా వేసే సబ్బు మార్చా, చిప్పులు ఎన్ని పోశానో లెక్క లేదు. చివరికి ఓ రాత్రి వీడియోలు వరసగా పెట్టుకుని చూస్తే సరిగ్గా తొమ్మిది నిమిషాలకోసారి లావవుతున్నాయి. 1 ఎం.ఎల్. సిరంజి, నిమిషానికి 2 మైక్రోలీటర్ల లెక్కన రాడ్ ఒక చుట్టు తిరగడానికి పట్టేదీ తొమ్మిది నిమిషాలే! అంటే తేడా రాడ్ దగ్గరే.

పొద్దున్నే పంపు సంచిలో వేసుకుని గుంటూరులో బస్సెక్కి, వారధి దగ్గర దిగి ఆటో పట్టుకుని వెళ్ళా. నేను డ్రాప్లెట్ జనరేషన్ (బొట్లు చేయడం) అని మొదలుపెట్టేలోపే ఓనర్ బాబాయ్ రాడ్ ఊడదీసి ఇనప పలక మీద పెట్టి, కళ్ళు దాని ఎత్తుకి వంచి అరచేత్తో మెల్లగా దొర్లించాడు. నన్నూ వంగి చూడమన్నాడు. రాడ్ కింద సన్నటి వెలుతురు గీత కనపడతా, మాయమవతా, మళ్ళీ కనపడతా ఉంది. తర్వాత లేత్ చక్‌లో బిగించి, ఒంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి "పది థౌలు కొడతంది, ఇది రేకుల షెడ్డుకి వాడుకునే రాడ్డు నాయనా" అన్నాడు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25.4 మైక్రాన్లు. పది అంటే పావు మిల్లీమీటరు ఒంకర! మోటారుని రాడ్‌తో కలపడానికి నేను ప్రింట్ కొట్టిన కప్లింగ్ బెజ్జం కూడా సెంటర్లో లేదంట, అది వేలు పెట్టి తిప్పే చెప్పేశాడు.

కొత్త స్టీలు రాడ్ టర్నింగ్ చేసి లేత్ మీదే మర కోశాడు, దానికి జోడీగా ఇత్తడి నట్టు, ఇత్తడి కప్లింగ్, రెండు బుష్‌లు. మొత్తం 1,400 తీసుకున్నాడు. ఆ తొమ్మిది నిమిషాల ఊపు మొత్తం పోయిందంటే అబద్ధం, కొంచెం ఉంది, కానీ పేపర్లో గ్రాఫ్ పెట్టడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో మాట. మాటల్లో పడి ఒక చిప్పు చూపిస్తే అటూ ఇటూ వంచి చూసి, "ఇది సిలికాన్ గాస్కెట్టే కదా, ఇంజన్లకి రోజూ పూస్తారు" అన్నాడు. నిజమే, పీడీఎంఎస్ కూడా సిలికాన్ రబ్బరు జాతిదే, నాలుగేళ్ళు చదివి నేనది ఎవరికీ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయా. ఆశపడి ఇత్తడి పలక మీద 200 మైక్రాన్ల గాడి కోస్తావా అనడిగితే మాత్రం "నా మిషన్ మీద కాదు, నీ డబ్బులు దండగ" అని మొహం మీదే చెప్పాడు, అది నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. చెప్పిన రోజుకి పని అవదు, నాకు మూడు రోజులన్నది పదకొండు రోజులైంది, మధ్యలో ఎవరిదో లారీ ఆగిపోతే మన జాబ్ మూలకి పోద్ది. జీఎస్‌టీ బిల్లు ఉండదు, చిన్న పుస్తకంలోంచి చించి కాగితం ఇస్తాడు. మా పర్చేజ్ సెక్షన్‌కేమో జీఎస్‌టీ బిల్లు, దానికి మూడు కొటేషన్లు కావాలి, కాబట్టి ఆ 1,400 నా స్టైపెండ్‌లోంచే, ఆ స్టైపెండ్ ఎప్పుడొస్తుందో అది ఇంకో కథ. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్తే నిలబడలేరు.

వెళ్ళేవాళ్ళు డ్రాయింగ్ ఒక్కటే పట్టుకెళ్ళకండి, ఆ ముక్క దేంట్లో కూర్చోవాలో అది కూడా తీసుకెళ్ళండి, చేత్తో పట్టుకుంటే గానీ ఆయనకి నమ్మకం కుదరదు. మైక్రాన్లంటే ఊరికే తలూపుతాడు, థౌల్లో చెప్పండి.

రెండో పంపు కోసం నిన్న ఫోన్ చేశా. సోమవారం రమ్మన్నాడు, నేను గురువారం వెళ్తా.