ఎంసీ ఫోనో స్టేజ్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తా. 1,75,000 రూపాయలు పోసి కొన్న ఫోనో స్టేజ్‌ని (రికార్డు సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి సరిపడా పెంచే పెట్టె) మూడు వారాలు తిరక్కుండానే వెనక్కిచ్చి, 55,000 పోగొట్టుకున్నాను. అమ్మినాయన పేరు ఇక్కడ రాయను, అడగొద్దు. కానీ ఆ పెట్టె మళ్ళీ మన హైదరాబాద్‌లోనే అమ్మకానికి వచ్చింది. అందుకే ఈ పోస్టు.

నా దగ్గరున్నది డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్, అంటే సూదిని పట్టుకుని దాని కదలికని సిగ్నల్‌గా మార్చే ముక్క. ఇది ఎంసీ, అంటే మూవింగ్ కాయిల్ రకం. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే రేడియో వాళ్ల కోసం 1960ల్లో తయారైంది, ఇప్పటికీ దొరుకుతుంది. దాని నుంచి వచ్చే సిగ్నల్ 0.3 మిల్లీవోల్టు. మనలో చాలామంది వాడే ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్ 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే నాది అందులో పదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఎంఎంకి 40 డెసిబెల్స్ గెయిన్ (పెంపు) చాలు, అంటే 100 రెట్లు. దీనికి 60, ఆ పైన కావాలి. 60 అంటే 1000 రెట్లు. ఇన్నాళ్లూ ఒక స్నేహితుడు అరువిచ్చిన స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్‌ని (సిగ్నల్‌ని ముందే కొంత పెంచేది) పాత ఎంఎం స్టేజ్ ముందు తగిలించి నెట్టుకొచ్చాను. వాడు మొన్న సంక్రాంతికి వచ్చి పట్టుకుపోయాడు. నాకు కొత్తది కొనక తప్పలేదు.

కొనడానికి వెళ్లింది షాపుకి కాదు, ఒక అపార్ట్‌మెంట్‌లో పెద్ద హాలుకి. మంచి సోఫా, మసక వెలుతురు, నా ఇంట్లో వాటికన్నా నాలుగు రెట్లు ఖరీదైన స్పీకర్లు. టీ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. ఘంటసాల ఎల్పీ ఒకటి పెట్టారు. నిజం చెప్పాలంటే ఒళ్లు పులకరించింది. వెనక ఎక్కడా చప్పుడు లేదు. "అన్నా, ఇది ఎంసీ మీదే ఆడుతోంది, మీదీ ఎంసీయే కదా, ఇంకేం కావాలి?" అన్నాడు అమ్మినాయన.

ఇక్కడే పడ్డాను. ఆయన అబద్ధం చెప్పలేదు. అక్కడ ఆడిన కార్ట్రిడ్జ్ ఎంసీయే, కాకపోతే హై అవుట్‌పుట్ ఎంసీ, అంటే సిగ్నల్ ఎక్కువ ఇచ్చేది. అదే డెనాన్‌లో డీఎల్-110 అని ఉంది, అది 1.6 మిల్లీవోల్టులు ఇస్తుంది. నా దానికి అయిదు రెట్లకు పైనే. దాన్ని మామూలు ఎంఎం ఇన్‌పుట్‌లో పెట్టినా పాడుతుంది. పైన మూవింగ్ కాయిల్ అని పేరుంటే చాలు, అన్నీ ఒకటే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా రికార్డులు వింటున్నవాణ్ణి, నా కార్ట్రిడ్జ్ తెచ్చి పెట్టి వినిపించమని నోరు తెరిచి అడగలేకపోయాను. టీ తాగాక అడగడానికి మొహమాటం. ఆ మొహమాటం ఖరీదే 55,000.

ఇంటికొచ్చి తగిలించాను. మామూలుగా నేను వినే చోట వాల్యూమ్ పెడితే పాట పక్క గదిలోంచి వస్తున్నట్టుంది. నాబ్ మూడొంతులు తిప్పితే పాట వచ్చింది, దాంతోపాటు కుళాయి తిప్పి వదిలేసినట్టు బుస, కింద 'మ్‌మ్' అని హమ్. "కుక్కర్ పెట్టానా నేను?" అని మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. ఇంకో బాధ, 'స', 'శ' వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకునేది.

ఫోన్ చేస్తే "బర్న్-ఇన్ కావాలన్నా, 200 గంటలు ఆడించండి" అన్నాడు. ఆడించాను. బుస మాత్రం తగ్గలేదు. తర్వాత "మీ ఎర్తింగ్ చూపించుకోండి" అన్నాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 1,200 ఇచ్చుకున్నాను. మా ఇంటి ఎర్తింగ్ బంగారంలా ఉంది.

హమ్ గురించి ఒక మాట. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. 1954 నుంచి దీనికి ఆర్ఐఏఏ అనే ఒకే పద్ధతి ఉంది. ఫోనో స్టేజ్ దాన్ని తిరగేసి బేస్‌ని మళ్ళీ పెంచుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ దగ్గర ఈ పెంపు, మధ్య స్వరాలతో పోలిస్తే, దాదాపు 17 డెసిబెల్స్. అంటే పెట్టెలోకి కొంచెం కరెంటు హమ్ దూరినా దాన్ని ఏడు రెట్లు పెద్దది చేసి మరీ వినిపిస్తుంది. కొన్ని మంచి కంపెనీలు పవర్ సప్లైని వేరే పెట్టెలో పెట్టేది ఊరికే కాదు. నాది ఒకటే పెట్టె.

చివరికి కోఠిలో గుజరాతీ గల్లీకి పట్టుకెళ్లాను. అక్కడ తెలిసిన మెకానిక్ భాయ్ ఒకాయన ఉన్నాడు, రేడియోల కాలం మనిషి. పెట్టె చేతిలోకి తీసుకుని "వజన్ బాగుంది సార్" అన్నాడు. మూత తీస్తే ఆ బరువు ఎక్కడిదో తెలిసింది. అడుగున మందపాటి ఇనప పలక జిగురుతో అతికించి ఉంది, దానికి వేరే పనేం లేదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా ఇన్‌పుట్ సాకెట్ల పక్కనే, రెండు వేళ్ల దూరంలో. మిగతా డబ్బా అంతా ఖాళీ.

అమ్మేటప్పుడు చెప్పింది తోషిబా 2ఎస్‌కే170 ట్రాన్సిస్టర్లు ఏరి, జతకట్టి వేశామని. అవి శబ్దం తక్కువని పేరున్నవి, కంపెనీ ఎప్పుడో ఆపేసింది, అందుకే బజార్లో నకిలీలు ఎక్కువ. ఇందులో నకిలీవి కూడా లేవు. రెండు ఎనిమిది కాళ్ల చిప్పులు ఉన్నాయి, అంతే. వాటి మీద ఖరీదైన కంపెనీ పేరు అచ్చయి ఉంది. భాయ్ కళ్లజోడు పైకి నెట్టి, దూదికి థిన్నర్ అద్ది, ఒక చిప్పు మీద నాలుగుసార్లు రుద్దాడు. దూది నల్లబడింది. అక్షరాలు పోయాయి. కింద గరుకు కాగితంతో గీకిన అడ్డగీతలు తేలాయి. రెండోది కూడా అంతే. "రంగు వేసి రాసింది సార్" అని దూది నా చేతిలో పెట్టాడు.

తర్వాత సిగ్నల్ జనరేటర్ నుంచి 1000 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీవోల్టు పంపాడు. పెట్టె వెనక రాసుంది 66 డెసిబెల్స్ అని. అంటే 2 వోల్టులు రావాలి. వచ్చింది 0.2. లెక్కకడితే 46 డెసిబెల్స్. బ్రోచర్‌లో సిగ్నల్-నాయిస్ (పాటకీ బుసకీ మధ్య తేడా) 90 అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఎంత ఇన్‌పుట్‌కి కొలిచారో రాయకపోతే ఆ అంకె పెళ్లి బయోడేటాలో జీతం లాంటిది.

గుచ్చుకునే 'స' సంగతీ అప్పుడే తేలింది. ముందు వైపు 100, 470, 1000 ఓమ్‌లు అని రాసి, తిప్పితే టిక్ టిక్ మంటూ తిరిగే అందమైన నాబ్ ఉంది. దాని వెనక ఒక్క వైరు కూడా లేదు. ఏ అంకె మీద పెట్టినా లోడ్, అంటే కార్ట్రిడ్జ్‌కి పెట్టె చూపించే నిరోధం, 47,000 ఓమ్‌లే. అది ఎంఎంకి పెట్టే లోడ్. 40 ఓమ్‌ల నా కార్ట్రిడ్జ్‌కి 100 నుంచి 400 మధ్య పెడితే పొందిగ్గా పాడుతుంది, 47,000 పెడితే పై స్వరాలు పదునెక్కుతాయి.

ఈ పరీక్షకి మూత తీయక్కర్లేదు. 400 రూపాయల మల్టీమీటర్ చాలు. పెట్టె ఆపి, కరెంటు ప్లగ్గు పీకి, టర్న్‌టేబుల్ వైర్లు తీసేసి, ఇన్‌పుట్ సాకెట్ మధ్య రంధ్రంలో ఒక కొన, బయటి రింగుకి ఇంకో కొన ఆనించండి. నాబ్ 100 మీద ఉంటే దాదాపు 100 చూపించాలి, తిప్పినకొద్దీ అంకె మారాలి. లోపల ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండే రకాల్లో మాత్రం కొద్ది ఓమ్‌లే చూపిస్తుంది, దానికి కంగారు పడకండి. ఒక్కటి గుర్తు: మీటర్‌ని కార్ట్రిడ్జ్ పిన్నులకి మాత్రం పెట్టొద్దు. లోపలి తీగ వెంట్రుక కన్నా సన్నం, మీటర్ పంపే కరెంటుకే పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక బుస చూడాలంటే, సూది రికార్డు మీద పెట్టకుండా, మీ కార్ట్రిడ్జ్ తగిలించే ఉంచి, మీరు వినే చోటుకి వాల్యూమ్ తెచ్చి కుర్చీలో కూర్చోండి. కూర్చున్న చోటికి బుస వినిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. కార్ట్రిడ్జ్ ఊడదీయడం కష్టమనుకుంటే హెడ్‌షెల్‌తో (కార్ట్రిడ్జ్ బిగించే తొడుగు) సహా పట్టుకెళ్లండి, లేదా పెట్టెనే ఒక్క సాయంత్రం మీ ఇంటికి తెమ్మనండి. సరుకు మీద నమ్మకమున్నవాడు తెస్తాడు.

నా రెండో తప్పు బిల్లు. "బిల్లు లేకుండా అయితే 20,000 తగ్గిస్తా అన్నా, మీరు మనోళ్లు" అన్నాడు. తల ఊపాను. లక్ష నగదు, 75,000 యూపీఐ. గొడవ మొదలయ్యాక 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మొదట అడిగింది బిల్లే. సరుకు విలువ 5 లక్షల దాకా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు కూడా ఉండదు, రెండేళ్ల గడువు ఉంటుంది. కానీ నేనిచ్చిన నగదుకి కాగితమేదీ? పైగా మూత తీయడంతో సీల్ చినిగింది. "వారంటీ పోయింది, అయినా మీ కోసం 1,20,000కి వెనక్కి తీసుకుంటా" అని ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు. తీసుకున్నాను. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేక తీసుకున్నాను, ఇందులో గొప్పేం లేదు. మీరైతే సీల్ చించే ముందు వీడియో తీయండి. బుస, హమ్ కూడా అదే వీడియోలో రికార్డు చేసి, అదే రోజు వాట్సాప్‌లో అమ్మినవాడికి పంపండి.

మొన్న ఆదివారం అదే పెట్టె ఫొటో ఒక గ్రూపులో కనిపించింది. 1,90,000, "నెల రోజులే వాడింది, పక్కా కండిషన్" అని. ముందు పలక మీద కుడివైపు కింది స్క్రూ పక్కన అంగుళమంత వాలుగీత ఉంది. కోఠిలో మూత తీస్తుంటే నా చేతిలో స్క్రూడ్రైవర్ జారి పడిన గీత అది. చూడటానికి వెళితే మూత తీయించండి. చిప్పుల మీద అక్షరాలు మేం తుడిచేశాం, మళ్ళీ రాయించి ఉంటే దూది, థిన్నర్ తీసుకెళ్లండి.