వాచీకి పట్టిన అయస్కాంతాన్ని వదిలించే నీలి పెట్టె: ఏళ్ల తరబడి వాడాక

బెంగళూరులో కీ ఇచ్చే వాచీ పెట్టుకునేవారి ఇంట్లో ఉండవలసిన పనిముట్టు ఒక్కటి చెప్పమంటే నేను డీమాగ్నెటైజర్ పేరే చెబుతాను. అరచేతిలో ఇమిడే నీలి ప్లాస్టిక్ పెట్టె, పైన ఒక మీట, లోపల రాగి తీగ చుట్ట. ధర కొన్ని వందల రూపాయలే. ఏళ్ల తరబడి వాడుతున్నాను. చేసేది ఒక్క పనే అయినా నమ్మకంగా చేస్తుంది.

నేను రోజూ పెట్టుకునేది నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా. జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో ఈ ఊళ్లోనే వాచీల తయారీ మొదలుపెట్టిన సంస్థది. సెకనుకు అయిదుసార్లు కొట్టుకునే ఈ వాచీ ఉన్నట్టుండి రోజుకు అయిదారు నిమిషాలు ముందుకు పరుగెత్తసాగింది. మా పేటలో ఒక దుకాణానికి తీసుకెళితే, వెనక మూత తీసి, వాచీ వేగాన్ని సరిచేసే లోపలి మీటను ‘స్లో’ వైపు జరుపుతామన్నారు. నేను ఒప్పుకోలేదు. ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్ల డబ్బా, ట్యాబ్లెట్ కవరు, వీటన్నిటిలోనూ అయస్కాంతాలు ఉంటాయి. ఆ ప్రభావం సోకితే వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, అటూ ఇటూ ఊగుతూ వాచీ నడకను నిర్ణయించే బ్యాలెన్స్ చక్రం వేగం పెరుగుతుంది. అలాంటప్పుడు మీట జరిపితే, అయస్కాంతత్వం పోయిన రోజున వాచీ వెనకబడుతుంది.

అందుకే ముందు దిక్సూచితో చూడాలి. సూది దగ్గర వాచీని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. మామూలు ఇనుమైతే సూదిని తనవైపు లాగుతుంది, అంతే. అయస్కాంతం పట్టినదైతే ఒక పక్క సూదిని లాగి, ఇంకో పక్క తోసేస్తుంది. ఆ తోపు కనిపిస్తేనే పెట్టె బయటికి తీస్తాను.

అసలు పనితనం చేతిలో ఉంది. వాచీని పెట్టె మీద ఆనించి మీట నొక్కగానే సన్నని గుర్రుమనే మోత, వేళ్లకు వణుకు తెలుస్తాయి. మన ఇళ్ల కరెంటు సెకనుకు 50 ఆవృతులు తిరుగుతుంది కాబట్టి, లోపలి అయస్కాంత క్షేత్రం సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది. మీట వదలకుండా వాచీని నిటారుగా పైకి, తొందరపడకుండా, చేయి చాచినంత దూరం తీసుకెళ్లాలి. దూరం పెరిగేకొద్దీ క్షేత్రం బలం తగ్గుతూ సున్నాకు చేరుతుంది, ఉక్కులో మిగిలినదీ దానితోపాటే చెరిగిపోతుంది. మీట వదలవలసింది అప్పుడే. వాచీ పెట్టె మీద ఉండగానే వదిలితే కరెంటు ఏ క్షణంలో తెగిందో ఆ దిశ అయస్కాంతత్వం అందులో నిలిచిపోతుంది. వానాకాలం సాయంత్రాల్లో ఇక్కడ కరెంటు మిణుకుమంటే జరిగేదీ అదే. మళ్లీ మొదటినుంచి చేస్తే సరిపోతుంది.

జనతాకు ఒక్క విడతతోనే నడక కుదుటపడింది, వాచీ లోపలి మీట జరపవలసిన అవసరమే రాలేదు.

లోపాలూ ఉన్నాయి. కొన్ని సెకన్లకు మించి నొక్కితే చుట్ట వేడెక్కి ప్లాస్టిక్ వాసన వస్తుంది, ప్రతిసారీ కాసేపు చల్లారనివ్వాలి. ప్లగ్గుకు రెండే పిన్నులు, అవీ మన సాకెట్లలో వదులుగా కూర్చుంటాయి. పని కాగానే ప్లగ్గు తీసేయండి. బ్యాంకు కార్డులు దరిదాపుల్లో ఉంచవద్దు. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ గదిలోకే రాకపోవడం మంచిది. బ్యాటరీ వాచీని మాత్రం దీని మీద ఎప్పుడూ పెట్టవద్దు, దాని మోటారు తిరిగేదే చిన్న శాశ్వత అయస్కాంతంతో.

పై అంతస్తులో ఉండే కర్నూలు కుర్రాడు తన ఆటోమేటిక్ వాచీ తెచ్చి, “అన్నా, ఇది రోజూ వెనకబడుతోంది, ఒకసారి పెట్టె మీద పెట్టి చూస్తారా?” అని అడిగాడు. దిక్సూచి సూది తోపు చూపలేదు. నూనె ఎండిపోయి ఉంటుందని, సర్వీసింగ్‌కు ఇమ్మని చెప్పాను. అదే నిజమని తేలింది. ఎండిన నూనెకు, అరిగిన చక్రాల పళ్లకు ఈ పెట్టె దగ్గర మందు లేదు.

పాత హెచ్‌ఎంటీ కొనడానికి వెళ్లినప్పుడల్లా దిక్సూచి వెంట తీసుకెళతాను. ముందుకు పరుగెత్తే వాచీ దగ్గర సూది తోపు చూపిస్తే కొంత ధైర్యంగా బేరమాడతాను. సూది తోపు చూపకపోతే మూత తీయించి లోపల చూసేదాకా డబ్బు ఇవ్వను.